కళ్లు తెరిచిన బొమ్మ కోసం చంద్రపూర్

మా మంచిర్యాల నుంచి చంద్రపూర్‌కు జనం మూడు పనుల మీద పోతారు. బొగ్గు గనిలో పని, కరెంటు ఫ్యాక్టరీలో పని, లేదంటే మహంకాళి దర్శనం. నేను నాలుగో పని మీద పోయాను. నలభై ఎనిమిదేళ్ల వయసులో, నూనె రంగులతో మనిషి మొహం వేయడం నేర్చుకోవడానికి. మొత్తం పందొమ్మిది రోజులు పట్టింది. అటువైపు పోనివాళ్లకు అక్కడి సంగతులు కొన్ని పనికొస్తాయని రాస్తున్నాను. బొమ్మలు వేయడం ఎలాగో మాత్రం దీనివల్ల తెలియదు. నాకే సగం తెలిసింది.

పోవలసిన అవసరం

నేను కలప అడితిలో దుంగలు కొలుస్తాను. బడి చదువు ఐదో తరగతి వరకే. లెక్కలు సొంతంగా నేర్చుకున్నవి. దుంగ చుట్టుకొలత, పొడవు చెబితే ఎన్ని ఘనపుటడుగులో కాగితం లేకుండా చెప్పగలను. ఇంతకుమించి నాకు ఏ కళా లేదు.

మా అక్క పేరు లచ్చక్క. మహారాష్ట్ర సరిహద్దులో రాజురా తాలూకాలోని లక్కడ్‌కోట్‌లో పత్తి చేను చేసుకుంటూ ఉంటుంది. ఆమె కడుపులో గడ్డ ఉందని, భయం లేదు కానీ ఆలస్యం చేయకూడదని చంద్రపూర్ డాక్టరు ఇరవై రోజుల గడువుతో ఆపరేషన్‌కు రమ్మన్నాడు. అక్క రానంది. ముందు తన బొమ్మ ఒకటి తయారు కావాలంది, అదీ కళ్లు తెరిచి ఉన్నది.

దీనికి కారణం ఉంది. అక్క జన్మలో పదకొండుసార్లు ఫోటో దిగింది. పదకొండు ఫోటోల్లో ఇరవై రెండు కళ్లు, అన్నీ మూసుకునే ఉన్నాయి. పెళ్లి ఫోటోలో మూసుకుంది. నేను చంద్రపూర్ పోయిన ఏడే కొత్తగా వచ్చిన ఓటరు గుర్తింపు కార్డులోనూ మూసుకుంది.

"ఎనకింటి మల్లమ్మ సచ్చిపోతే ఓటరు కార్డు ఫోటోనే పెద్దగ జేయించి గోడకు పెట్టిన్రు, తమ్మీ. కండ్లు మూసుకునే ఉంది. వచ్చినోళ్లు పాడెను జూసి ఒకపారి ఏడ్సిన్రు, గోడను జూసి ఇంకోపారి ఏడ్సిన్రు. నాకట్ల వద్దు. కండ్లు తెర్సిన బొమ్మ నా కండ్లతోని జూసినంకనే దవాఖానకు పోత."

పెయింటర్‌ను పిలిపిస్తామంటే ఇంకా కోపం వచ్చింది. "పరాయి మొగోడు పూటంత నా మొహం జూసుకుంట కూసుంటడా? మీకు సిగ్గన్న ఉండాలె. తమ్ముడు వేస్తే కూసుంట."

దుంగకు పొడవు, వెడల్పు ఉన్నట్టే ముక్కుకూ ఉంటాయి. కొలిచి వేస్తే రాకేం పోతుంది అనుకున్నాను. ఇరవై రోజుల్లో పన్నెండు నేర్చుకోవడానికి, నాలుగు అక్క బొమ్మ వేయడానికి, మిగతావి ప్రయాణాలకు అని లెక్క వేసుకుని బయల్దేరాను.

రైలు

పదహారు అంగుళాలు ఇరవై అంగుళాల కర్ర చట్రం ఒకటి అడితిలోనే చేయించుకుని చంకలో పెట్టుకున్నాను. పెట్టెలో ఎదురుగా కూర్చున్నాయన చంద్రపూర్ కరెంటు ఫ్యాక్టరీలో పని చేసే మన తెలుగాయనే. నాగపూర్ సంతరా ఒకటి ఒలిచి సగం నా చేతిలో పెట్టి, చట్రం కిటికీకా అని అడిగాడు. బొమ్మకని చెప్పాను. ఎవరి బొమ్మ అంటే అక్కది అన్నాను.

"ముక్కు కాడ జాగర్త అన్నా," అన్నాడు. "మా అత్త ఫోటోకు రంగులేయించినం. ముక్కు పెద్దగైందని రెండేండ్లు మా ఇంట్ల అడుగు వెట్టలే."

"తర్వాత వచ్చిందా?"

"వచ్చింది. గప్పుడనిపించింది, ముక్కు ఇంకింత పెద్దగ వేయిస్తే మంచిగుండు అని."

బల్లార్షా దాటేదాకా నేను పెట్టెలోని ముక్కులు చూస్తూ కూర్చున్నాను. ఇరవై ఆరు మంది. ఏ రెండూ ఒకలా లేవు. అప్పుడు మొదటిసారి భయం వేసింది.

లాల్‌పేట్‌లో గాలివాన

లాల్‌పేట్ చంద్రపూర్‌లోనే ఉన్న బొగ్గు గనుల పేట. తెల్ల చొక్కాతో దిగితే సాయంత్రానికి బూడిద చొక్కా అవుతుంది. నాకు నేర్పడానికి ఒప్పుకున్న శంకరయ్య గురూజీ అక్కడే రెండు గదుల ఇంట్లో ఉంటాడు. అరవై దాటిన మనిషి, తాతల నాడు కరీంనగర్ వైపు నుంచి పోయిన కుటుంబం. పోయినవాళ్ల పటాలు నూనె రంగుల్లో వేయడం ఆయన వృత్తి. ఇప్పుడు ఫోటోను పెద్దది చేసి ఇచ్చే రంగుల ల్యాబులు ఊళ్లోకి వచ్చాయి, అయినా ఆయనకు పని తగ్గలేదు. ఎందుకు తగ్గలేదో మర్నాడు ఆ వాడలో తిరిగితే అర్థమైంది.

ఏ ఇంట్లోకి తొంగి చూసినా గోడ మీద ఒక తాతో నాయనమ్మో ఉన్నారు. ప్రతి ఒక్కరి వెనకా నల్లటి మబ్బులు, ఉరుములు వచ్చేలాంటి ఆకాశం. తలపాగా పెట్టుకున్న తాత జుట్టు కూడా చెవుల దగ్గర గాలికి ఎగురుతోంది. మా మంచిర్యాలలో పోయినవాళ్ల వెనక నీలం పరదా ఉంటుంది, మహా అయితే పూలకుండీ. ఇక్కడ తుఫాను.

దీనంతటికీ మూలం ఒకే ఒక కాగితం. ముప్పై ఏళ్ల కిందట గనిలో పనిచేసిన ఇంజనీరు ఒకాయన బదిలీ మీద పోతూ బొమ్మల పుస్తకంలోని ఒక పేజీ గురూజీకి ఇచ్చాడట. సుమారు రెండు వందల ఏళ్ల కిందట యూరప్‌లో వేసిన బొమ్మ. మెడ గుండీలు విప్పుకున్న పడుచువాడు కొండ మీద నిలబడి పక్కకు చూస్తున్నాడు. జుట్టు గాలికి చెదిరింది, వెనక ముసురు. కింద పేరున్న భాగం చిరిగిపోయింది కాబట్టి వేసిందెవరో, ఆ పడుచువాడెవరో గురూజీకి తెలియదు. ఆయన అతనికి గాలిదొర అని పేరు పెట్టుకున్నాడు. దాన్ని చూసి వేసే ఆయన నేర్చుకున్నాడు. ఎవరు నేర్చుకోవడానికి వచ్చినా ముందు గాలిదొరను వేయాల్సిందే.

"అంతకు ముందటి దొరలను జూసినవా? తలకు పొడి చల్లిన టోపీలు, కుర్సీల కట్టె లెక్క కూసునుడు," అన్నాడు గురూజీ. "తర్వాత వీళ్లొచ్చిన్రు. మనిషి లోపల ఏమైతుందో అది ఆకాశంల వేసిన్రు. గాలిదొర మొహం ఎంత నిమ్మళంగుందో జూడు. లొల్లి మొత్తం ఎనక మబ్బులల్లున్నది."

"మరి ఇక్కడి తాతలకు మబ్బులెందుకు, గురూజీ?"

"మొదట తెల్వక వేసిన, నాకు వచ్చింది గదే గనుక. తర్వాత ఒకాయనకు ఎనక సాదా రంగు వేసిస్తే ఆయన పెండ్లాం వాపస్ దెచ్చింది. 'ముప్పయ్యేండ్లు గని లోపల గాలి లేకుంట పని జేసిండు, బొమ్మలనన్న గాలి రానీయుండ్రి' అన్నది. గప్పటిసంది ఎవరికీ తక్కువ చేస్తలేను."

ల్యాబువాళ్లు ఫోటో పెద్దది చేయగలరు, గాలి పెట్టలేరు. ఆయనకు పని తగ్గకపోవడానికి అదీ కారణం.

బండలు పరచడం

గాలిదొర కాగితం ఎనిమిది అంగుళాలు పది అంగుళాలు. చట్రానికి బిగించిన నా గుడ్డ రెండు వైపులా దానికి సరిగ్గా రెట్టింపు. కాగితం మీద అంగుళం గళ్లు, గుడ్డ మీద రెండంగుళాల గళ్లు గీస్తే అటూ ఇటూ ఎనభై. పది రోజుల్లో ముగించాలంటే రోజుకు ఎనిమిది గళ్లు. గురూజీ రాజురాలో పటం ఇచ్చి రావడానికి రెండు రోజులు పోయాడు. ఆయన వచ్చేసరికి ఆశ్చర్యపరుద్దామని పై ఎడమ మూల నుంచి మొదలుపెట్టి, ఒక గడి పూర్తిగా ముగించి పక్క గడికి పోతూ, తెల్లారుజాము నుంచి పొద్దు గుంకేదాకా కూర్చుని నాలుగు రోజుల పని రెండు రోజుల్లో చేశాను. ముప్పై రెండు గళ్లు. నుదురు, కళ్లు, సగం ముక్కు వచ్చేశాయి.

గురూజీ వచ్చి చూశాడు. తర్వాత భార్యను కేకేశాడు. "ఏమేవ్, ఇటు రా. మనింట్లకు మేస్త్రి వచ్చిండు. మొహం వేయమంటే బండలు పర్సిండు."

నిజంగానే బండలు పరిచినట్టు ఉంది. ప్రతి గడికీ రంగు కొత్తగా కలిపాను కదా, ఏ రెండు గళ్లలో చర్మం ఒక రంగులో లేదు. ఎడమ చెంప ఎండలో ఉంది, పక్క గడిలో అదే చెంప కామెర్లలో ఉంది. కొలత ఎక్కడా వెంట్రుకవాసి తప్పలేదని నేను చూపించబోయాను.

"కొలత తప్పలేదు, లెక్కలాయనా. మనిషి తప్పిపోయిండు," అని టర్పెంటైన్ గుడ్డతో మొత్తం తుడిచేశాడు.

ముప్పై రెండు గళ్లు నాలుగు నిమిషాల్లో పోయాయి.

ఆయన పద్ధతి వేరు. ముందు ఒక్క మట్టిరంగును టర్పెంటైన్‌తో పలుచగా చేసి బొమ్మ మొత్తం ఒకేసారి వేయాలి. చీకటి ఎక్కడ, వెలుగు ఎక్కడ, అంతే. అది ఆరాక అవిసె నూనె కలిపిన రంగులు. అన్నిటికీ ముందు కళ్లు సగం మూసి చూడడం నేర్చుకోవాలి. అలా చూస్తే వెంట్రుకలు, గళ్లు, గీతలు మాయమై వెలుగూ నీడా మిగులుతాయి.

"కండ్లు పూర్తిగ తెర్సి జూస్తే నీకు లెక్కలే కనవడ్తయి. సగం మూయి."

పోహా బండి దగ్గర నిలబడి కూడా సాధన చేశాను. మా వైపు అటుకులు అంటే ఉప్మాలా పొడిగా చేస్తారు. చంద్రపూర్‌లో వాటి మీద శనగల ఎర్రటి పులుసు పోస్తారు, కారానికి చెవులు మోగుతాయి. నేను కళ్లు సగం మూసి బండి ఆయన వెలుగు నీడలు చూస్తుంటే కారం తట్టుకోలేక తిప్పలు పడుతున్నానని ఆయన పాపం జాలిపడి ఒక గ్లాసు మజ్జిగ ఇచ్చాడు. మధ్యాహ్నం సర్కారువాళ్లు రూపాయికే పెట్టే ఝుణ్కా భాకరీ తినేవాణ్ణి, అంటే శనగపిండి కూరతో జొన్నరొట్టె. అక్కడ కూడా అలాగే చూశాను. వడ్డించే ఆమె రొట్టె ఇంకొకటి వేసింది. సగం మూసిన కళ్లకు ఆ ఊళ్లో మంచి గౌరవం ఉంది.

చుక్క

తొమ్మిదో రోజు కళ్ల దగ్గరికి వచ్చాను. ఇదే కదా నేను వచ్చిన పని. గాలిదొర కంట్లో నల్లగుడ్డు అంచున తెల్లటి చుక్క ఒకటుంది, ఆవగింజలో సగం. అది పెట్టేదాకా కన్ను గాజుగోళీ, పెట్టాక కన్ను.

"ఒక్కపారి వెట్టాలె, చేయి దీయాలె. మళ్ల ముట్టొద్దు," అన్నాడు గురూజీ.

పెట్టాను. అంగుళంలో పదహారో వంతు కిందికి పడింది. సరిచేశాను. ఈసారి కుడికి జరిగింది. ఏడుసార్లు సరిచేసేసరికి నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసిపోయి గాలిదొర కంట్లో ఉడికిన కోడిగుడ్డు తయారైంది. తుడిచాను. మర్నాడు ఐదుసార్లు. పదకొండో రోజు మూడు. ప్రతిసారీ నేను చుక్క స్థానం కొలిచి పెడుతున్నానని గురూజీ గమనించాడు.

"ఎందుకు కొలుస్తున్నవ్? వెలుగు ఎటునుంచొస్తుంది?"

"ఎడమ పైనుంచి."

"అయితే చుక్క అటే ఉంటది. కొలిసేదేముంది? తలుపు దెరిస్తే ఎండ యాడ వడ్తదో టేపు వెట్టి జూస్తవా?"

నేను టేపు పెట్టే చూస్తానని ఆయనకు చెప్పలేదు. పన్నెండో రోజు పొద్దున టేపు జేబులోంచి తీసి గురూజీ భార్యకు దాచమని ఇచ్చి, కళ్లు సగం మూసి, చుక్క పెట్టి చేయి తీశాను. గాలిదొర పక్కకు చూశాడు. అంతవరకు అతను ఎటూ చూడలేదు.

తడి బొమ్మ మీద రాత్రంతా బొగ్గు ధూళి వాలింది. ఊదుతుంటే గురూజీ ఆపాడు. "ఉండనీ. లాల్‌పేట్‌ల నల్లరంగు ఎవ్వరం కొనం."

రాజురా బస్సు

నూనె రంగు ఆరడానికి వారం పైనే పడుతుందని తెలిసీ నా పన్నెండు రోజుల లెక్కలో ఆ వారం వేసుకోలేదు. కాబట్టి తడి గాలిదొరతోనే ఎర్ర బస్సు ఎక్కాను. రంగు వైపు బయటికి పెట్టి మోకాళ్ల మధ్య పట్టుకున్నాను. రాజురాలో జనం కుక్కుకున్నారు. చలువ ధోవతి కట్టుకున్న పెద్దాయన ఒకడు నాకు వీపు పెట్టి నిలబడ్డాడు. ఎద్దులబండి అడ్డం వచ్చి డ్రైవరు బ్రేకు వేశాడు. పెద్దాయన సరిగ్గా తుఫాను మీద కూర్చున్నాడు.

లేచేసరికి వెనక ఒక మబ్బు మొత్తం దిగిపోయింది. పక్కనున్న ఆడమనిషి, "కాకా, మీ ఎనక మొగులైంది," అని మరాఠీలో అనగానే బస్సంతా నవ్వింది, ఆ మాటకు అర్థం తర్వాత ఆమే నాకు చెప్పింది. ఆయన నన్నేదో అడిగాడు. నాకు మరాఠీలో ఒకటి నుంచి వంద వరకు అంకెలు మాత్రమే వచ్చు. క్షమాపణకు అవి చాలలేదు. ఆ ఆడమనిషే తెలుగులో నన్నడిగి, మరాఠీలో ఆయనకు చెప్పింది: అక్కకు ఆపరేషన్ అని, ఆమె బొమ్మ వేయడానికి ఇది వేసి నేర్చుకున్నాడని. పెద్దాయన గాలిదొరను తేరిపార చూసి, ఒక మాట అని, నా భుజం తట్టాడు.

"ఏమన్నాడు?"

"అక్కది వేసేటప్పుడు మంచిగ ఎండ పొద్దు వెయ్యి అంటుండు. కడుక్కొనుడు తేలిక."

ఆయన తన ఊళ్లో దిగి, మబ్బును మోసుకుంటూ నడిచిపోయాడు. నా బొమ్మలో ఆకాశం మీద ధోవతి నేత అచ్చు ఉండిపోయింది.

లక్కడ్‌కోట్

గాలిదొరను చూసి అక్క అడిగిన మొదటి ప్రశ్న, "ఎవని పోరడు వీడు? గుండీలు ఇప్పుకొని గాలికి నిలవడ్డడు, సర్ది వట్టదా?" అని. రెండోది, నన్నెప్పుడు వేస్తావని.

మర్నాడు గురూజీ ఇచ్చి పంపిన ఇంకో గుడ్డ చట్రం ముందు పెట్టుకుని, వాకిట్లో ముక్కాలి పీట వేసి అక్కను కూర్చోబెట్టాను. ఏడు నిమిషాలకు అక్క నిద్రపోయింది. లేపాను. ఐదు నిమిషాలకు మళ్లీ నిద్రపోయింది. పగటిపూట పని లేకుండా కూర్చోవడం ఆమెకు జన్మలో ఇదే మొదలు, ఒంటికి అదొక్కటే అర్థమవుతోంది. పోనీ పత్తి ఒలుస్తూ కూర్చో అంటే తల దించుకుంటుంది, కళ్లు కనబడవు. మొదటి రోజంతా నిద్రపోయే మొహానికే మట్టిరంగు వేశాను. ముక్కు, గదవ, చెవి బాగా వచ్చాయి. కళ్లున్న చోట రెండు ఖాళీలు వదిలాను.

సాయంత్రం చూసుకుని, "నిద్రవోయినట్టే ఉంచితే నీ రంగులు పొయ్యిల వెడ్త," అంది.

మందు కనిపెట్టింది మా బావ రాజన్న. నెమ్మదస్తుడు, రోజుకు పదిహేను మాటలు మాట్లాడితే ఎక్కువ. రెండో రోజు అక్క తల వాలుతుండగా ఆయన అటుగా పోతూ, "నిన్నటి పప్పుల ఉప్పు లేదు," అన్నాడు.

అక్క కళ్లు తెరిచింది. అలాంటి కళ్లు నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను, కానీ ఎన్నడూ పరిశీలనగా చూడలేదు, తప్పించుకునే తొందరలో. "ఉప్పు లేదా? రెండుపార్లు వేయించుకున్నప్పుడు నాలిక యాడవోయింది?" పద్నాలుగు నిమిషాలు నడిచింది. నేను గబగబా వేశాను.

"బావా, బొమ్మ అయ్యేదాకా రోజూ ఇట్లనే తిట్టించుకుంటావా?" అని రహస్యంగా అడిగాను.

"దానికి నేర్చుకునేదేముంది, బామ్మర్దీ," అన్నాడు. "ముప్పై ఆరేండ్ల అనుభవం."

మూడో రోజు బర్రె తన చేతికైతేనే ఎక్కువ పాలిస్తుందన్నాడు. అది ఇరవై రెండు నిమిషాలు వచ్చింది. మధ్యాహ్నం మా అమ్మ, అంటే తన అత్త, వండే పుల్లటి అంబటి కూర అక్క దానికన్నా బాగుండేదన్నాడు, అది పదకొండే. నాలుగో రోజుకు బావ దగ్గర సరుకు అయిపోయింది. నాకు ఇంకా చుక్కలు పెట్టడం మిగిలింది, అక్క తల వాలిపోతోంది, మర్నాడు పొద్దున బస్సు. బావ గోడకు ఆనుకుని ఆలోచించాడు. చివరికి తగువు కోసం కాదు, మామూలుగానే అన్నాడు:

"రేపు నువ్వు దవాఖానకు పో. నా గురించి రంది వెట్టుకోకు. నేను ఒక్కన్నే ఉంట, ఏం గాదు."

అక్క లేచి కూర్చుంది. ఈసారి అరవలేదు. బావను అలా చూస్తూ ఉండిపోయింది. "ఒక్కనివే ఉంటవా?" అంది. "చాయ వెట్టుకునుడు వస్తదా నీకు? బీపీ గోలీ పొద్దున ఏసుకునేదా, పొద్దుమూకి ఏసుకునేదా? చెప్పు. చెప్పు జూద్దాం."

బావ గోలీల డబ్బా ఏ గూట్లో ఉందో వెతకబోయాడు.

వెలుగు అక్క ఎడమ వైపునుంచి పడుతోంది. నేను కుడి కంట్లో ఒకటి, ఎడమ కంట్లో ఒకటి చుక్క పెట్టి చేయి తీశాను. వెనక ఆకాశం కూడా అప్పుడే ముగించాను. ఎండ పొద్దు వేయాలనే మొదలుపెట్టాను, కానీ నాకు వచ్చింది మబ్బులే.

అక్క వచ్చి బొమ్మ ముందు నిలబడింది. ముక్కు గురించి ఏమీ అనలేదు. "ఎవరినో తిడ్తున్నట్టున్న," అంది.

"నన్నే," అన్నాడు బావ.

"కండ్లయితే తెర్సే ఉన్నయి," అంది అక్క. లోపలికి పోయి తన బట్టల సంచి సర్దుకుంది.

మర్నాడు చంద్రపూర్ బస్సు ఎక్కే ముందు ఆ తడి బొమ్మను బావ అన్నం తినే చోటికి ఎదురుగా తనే మేకుకు తగిలించింది. మొహాన్ని కొంచెం పొయ్యి వైపు తిప్పింది. ఆమెను ఆసుపత్రిలో చేర్చి, ఆపరేషన్ బాగా జరిగిందని డాక్టరు చెప్పాక నేను మంచిర్యాల రైలెక్కాను.

మిగతాది బావ ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి చెప్పాడు. అక్క ఆసుపత్రిలో ఉన్న పన్నెండు రోజులూ గోలీ పొద్దునే వేసుకున్నాడట, వేసుకున్నాక బొమ్మకు ఖాళీ చేయి చూపించేవాడట. అక్క ఇంటికి రాగానే చెప్పులైనా విప్పకుండా బొమ్మను దించి, గోడ వైపు తిప్పి, బియ్యం డబ్బా వెనక పెట్టింది.

"ఎందుకే, మంచిగనే ఉన్నది గదా?" అని బావ అడిగాడట.

"నేనుండంగ గా బొమ్మ దేనికి?" అందట. "ఇద్దరం తిడితే నువ్వు తట్టుకోవు."